ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ

2003 జనవరిలో చేరిన నా మొదటి ఉద్యోగానికి జీతం 2,800 రూపాయలు, కంపెనీలు మూడు. జీతమిచ్చేది ఒకటి, మెడలో ఐడీ కార్డు మీద ఉండేది ఇంకోటి, రోజూ పోయి పని చేసేది మూడోదాని దగ్గర. ఊళ్లో ఎవరైనా "మీవాడు ఏ కంపెనీ" అని అడిగితే మా నాన్న ఐడీ కార్డు మీది పేరు చెప్పేవాడు, అది పేపర్లో ప్రకటనలొచ్చే పేరు కాబట్టి. నేనూ కాదనలేదు. చేరిన రోజే మా మేనేజర్ చెప్పింది కూడా అదే. కస్టమర్ ఎవరడిగినా పెద్ద కంపెనీ పేరే చెప్పాలి, మన పేరు నోట్లోంచి రాకూడదు.

దీని వెనక లెక్క నాకు అర్థం కావడానికి ఓ ఆర్నెల్లు పట్టింది. బ్యాంకులవాళ్లు కంప్యూటర్ల మెయింటెనెన్స్‌కి టెండర్ పిలుస్తారు, ఏఎంసీ అంటారు, ఏడాది కాంట్రాక్టు. అందరికంటే తక్కువ రాసినవాడు ఎల్ వన్, పని వాడిది. ఆ రేటుకి సొంత ఇంజనీర్లను పెడితే పెద్ద కంపెనీకి గిట్టదు, అందుకని ఏరియాల వారీగా మాలాంటి చిన్నవాళ్లకి పంచేస్తుంది. బ్యాంకు మూణ్ణెల్లకోసారి బిల్లు పాస్ చేస్తుంది, పెద్ద కంపెనీ ఆ డబ్బుని ఇంకో నెలన్నర తన దగ్గర పెట్టుకుని మా ఓనరుకిస్తుంది, మా ఓనరు ఆఫీసు అద్దె, ఫోన్ బిల్లు, సీటీసీ అనే కంప్యూటర్ పార్టుల బజారులో స్పేర్ పార్టుల బాకీ తీర్చి, మిగిలితే మాకిస్తాడు. అందుకే మా జీతం ఏ నెలా ఒకటో తారీఖున రాలేదు. 18న వస్తే ఆ రోజు ఆఫీసులో పండగే.

నాది మిర్యాలగూడ. నాన్న రైసు మిల్లులో గుమాస్తా. 2002లో బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయేసరికి, మా ముందు బ్యాచ్‌ల వాళ్లని ఊరించిన అమెరికా ఉద్యోగాలు డాట్‌కామ్ దెబ్బకి ఆగిపోయి ఉన్నాయి. అయినా అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ బోర్డులు మాత్రం తగ్గలేదు. జావా, ఒరాకిల్, డాట్‌నెట్ అని కరపత్రాలు పట్టుకుని రోడ్డు మీదే చేతిలో పెట్టేవాళ్లు. జావా ఫీజు మాకు ఎక్కువనిపించింది. హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్కింగ్ మూణ్ణెల్లు, ఫీజు అందులో సగం లోపే. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంసీఎస్‌ఈ సర్టిఫికెట్ కూడా ఉంటే రేట్ వేరుగా ఉంటుందన్నారు గానీ ఆ పరీక్షలకి కట్టే స్తోమత లేదు. ఇప్పుడు వెనక్కి చూస్తే నా బతుకుని తేల్చింది నా ఇష్టం కాదు, ఫీజు తేడా. ఇందులో బాధేం లేదు, మా బ్యాచ్‌లో సగం మందిది ఇదే కథ.

ఇంటర్వ్యూ పావుగంట. కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, ఎస్ఎంపీఎస్, దాని ఫుల్‌ఫామ్ అడిగారు, ఓ కేబుల్ ముక్క, రెండు ఆర్జే 45 కనెక్టర్లు, తీగల కొసకి కనెక్టర్ నొక్కి బిగించే క్రింపింగ్ టూలు ఇచ్చి కొట్టమన్నారు. అమీర్‌పేటలో మాకు ఎక్కాల్లాగా నూరిపోసిన పాఠం అదొక్కటే, కేబుల్లోని ఎనిమిది తీగల్లో ఏ రంగు తర్వాత ఏ రంగు పెట్టాలన్నది. ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. కొట్టి ఇచ్చాను, టెస్టర్లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. రేపటి నుంచి రమ్మని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి పొమ్మన్నారు. పదో తరగతి మెమో దగ్గర్నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా ఓ ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి బీరువాలో వేసి తాళం తిప్పారు. ఏడాదిన్నర బాండ్. అప్పట్లో అది మామూలే అనుకున్నాం, ఎవరూ ఇదేమిటని అడగలేదు, అడగాలని కూడా తెలియదు.

ఇచ్చిన బ్యాగులో ఒక స్టార్ స్క్రూ డ్రైవర్, ఒక మైనస్, మల్టీమీటర్, బ్రష్, విండోస్ 98 బూట్ ఫ్లాపీలు నాలుగు (ఒకటి పాడైతే ఇంకోటి, అదీ పాడైతే ఇంకోటి), కాల్ స్లిప్పుల పుస్తకం, క్రింపింగ్ టూలు. టూలు మాత్రం సంతకం పెట్టించుకుని ఇచ్చారు. దాని పిడి మీద సూదిని వేడి చేసి నా పేరు గీసుకున్నాను, ఆఫీసులో టూళ్లు కాళ్లొచ్చి నడిచిపోతాయని మొదటి రోజే హెచ్చరించారు కాబట్టి. అలా ఆ ఉద్యోగంలో నా పేరున్న వస్తువు అదొక్కటే అయింది.

నన్ను పదిరోజులు ఓ సీనియర్ వెంట తిప్పారు. ఆయన్ని అందరూ రబ్బరన్న అనేవాళ్లు. ఏ కాల్‌కి పోయినా జేబులో నటరాజ్ రబ్బరు ఉండేది. కంప్యూటర్ ఆన్ చేస్తే తెర రాకుండా ఆగకుండా బీప్ బీప్‌మని కొట్టుకుంటుంటే అది ర్యామ్. మూత విప్పి, ర్యామ్ పీకి, ఆ పసుపు పచ్చటి కాళ్ల మీద రబ్బరుతో చిన్నపిల్లలు తప్పు రాసింది చెరిపినట్టు చెరిపి, ఉఫ్ అని ఊది, మళ్లీ నొక్కితే పదిట్లో ఏడుసార్లు లేచేది. దుమ్ము, తేమ, తుప్పు పొర పోతుంది, అంతే. కానీ చూసేవాళ్లకి మంత్రం వేసినట్టుండేది. "తమ్మీ, కస్టమర్ ముంగట రబ్బరు తియ్యకు. గింత దానికి మీకు కాంట్రాక్ట్ ఎందుకియ్యాలె అంటడు. అటు మళ్లి పని చెయ్యి" అనేవాడు. నిజంగానే ఎప్పుడూ కస్టమర్‌కి వీపు పెట్టే పని చేసేవాడు.

అన్న చదివింది ఐటీఐ. అమీర్‌పేటలో మాకు మూణ్ణెల్లు చెప్పిన దానిలో ఓ పావు వంతు పనికొచ్చింది, మిగతాదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. వాసన చూసి ఎస్ఎంపీఎస్ కాలిందో మదర్‌బోర్డ్ కెపాసిటర్ ఉబ్బిందో చెప్పేవాడు. ఓ బ్రాంచిలో రోజూ మధ్యాహ్నం మూడింటికి సిస్టమ్ ఆగిపోతుందని నాలుగుసార్లు కాల్ పెట్టారు, నేను ఎస్ఎంపీఎస్ మార్చాను, ర్యామ్ మార్చాను, ఫార్మాట్ కూడా కొట్టాను. అన్న వచ్చి ఓ గంట ఊరికే కూర్చుని టీ తాగాడు. మూడింటికి అటెండర్ వచ్చి అదే ప్లగ్ బోర్డులో హీటర్ పెట్టి మేనేజర్ గారికి టీ కాచడం మొదలుపెట్టాడు. సిస్టమ్ టప్‌మని ఆగింది. అన్న నా వైపు చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ సిగ్గేసింది.

ఫీల్డ్ అంటే మాకు సిటీ బస్సు. బైకున్నవాడికి కిలోమీటరు లెక్కన పెట్రోలు ఇచ్చేవాళ్లు, లేనివాడికి ఆర్టీసీ నెల పాసు. పొద్దున్నే ప్యారడైజ్ దగ్గరున్న ఆఫీసులో కాల్స్ రాసుకుని బయల్దేరితే, ఒక్కో కాల్ అయిపోగానే కాల్ స్లిప్పు మీద బ్రాంచి వాళ్ల సంతకం, ముద్ర తీసుకుని, రూపాయి కాయిన్ బాక్స్ నుంచి ఆఫీసుకి ఫోన్ చేయాలి. కోఆర్డినేటర్ మేడం ఎత్తి హలో అనేది కాదు, "క్లోజా పెండింగా" అనేది. పెండింగ్ అంటే పార్టు కావాలి, అంటే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోవాలి. సీటీసీ అనేవాళ్లం. సికింద్రాబాద్ మొత్తానికి కంప్యూటర్ పార్టులు దొరికేది అక్కడే. మౌస్ బాల్ నుంచి మానిటర్ దాకా ఇరుకు షాపుల్లో దొంతర్లు పెట్టి ఉండేవి. అక్కడి షాపువాళ్లు మా ఓనరు పేరు చెప్పగానే ముందు పాత బాకీ సంగతి అడిగేవాళ్లు. ఓసారి 650 రూపాయల ఎస్ఎంపీఎస్ కోసం నా జేబులోంచి పెట్టాను, అది తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఎస్ఆర్ నగర్‌లో నలుగురం కలిసి ఉండే రూముకి ఆ నెల నా వాటా ఆలస్యమైంది, రూమ్‌మేట్ మూడు రోజులు మాట్లాడలేదు.

ఆ ఏడాది మార్చి 31 నాకు ఇప్పటికీ గంట గంటా గుర్తే. సోమవారం. బ్యాంకులకి అది ఇయర్లీ క్లోజింగ్, రాత్రంతా పని. కోర్ బ్యాంకింగ్ ఇంకా మా బ్రాంచీలకి రాలేదు, ఏ బ్రాంచి లెక్క ఆ బ్రాంచి సర్వర్లోనే. అందుకని ప్రతి పెద్ద బ్రాంచికీ ఒక ఇంజనీర్ని కూర్చోబెట్టాలని కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది. నన్ను కోఠి వైపు ఓ బ్రాంచిలో పెట్టారు. పని లేకపోతే అదృష్టం, ఉంటే తెల్లారుతుంది అన్నాడు అన్న.

పదిన్నర దాకా అదృష్టమే. ఆ తర్వాత పెద్ద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద బ్యాలెన్సుల లిస్టు వస్తుంటే ఓ ముసలి క్లర్కు గారు కళ్లద్దాలు పైకెత్తి "ఇదేమిటయ్యా, ఎనిమిదులన్నీ సున్నాలైపోయాయి" అన్నారు. చూస్తే నిజమే. ప్రింటర్ హెడ్‌లో సూదుల్లాంటి పిన్నులుంటాయి, వాటిలో నడిమి పిన్ను ఇరుక్కుపోయింది, ప్రతి అంకె మధ్యలో అడ్డంగా ఓ తెల్ల గీత. ఎనిమిదికి నడుము గీత పోతే సున్నానే కదా. బ్యాంకులో, మార్చి 31 రాత్రి, ఎనిమిది సున్నా అయితే ఎట్లా ఉంటుందో ఆ మేనేజర్ మొహం చూస్తే తెలిసేది. నాకు చేతులు చల్లబడ్డాయి. హెడ్ ఎప్పుడూ విప్పలేదు.

అన్నకి ఫోన్ లేదు, పక్కింటివాళ్ల పీపీ నంబర్ ఉంది. బ్యాంకు ఫోన్ నుంచే చేశాను. ఆ పక్కింటాయన తిట్టుకుంటూ పిలుచుకొచ్చాడు. "హెడ్ ఇప్పి స్పిరిట్ల ముంచు, సిరా గడ్డకట్టింది, కరిగితే పిన్ను అదే వస్తది. భయపడకు, రెండే స్క్రూలు" అన్నాడు. స్పిరిట్ ఎక్కడుంది ఆ టైములో? అప్పుడు ఆ క్లర్కు గారే, రిటైర్మెంట్‌కి ఇంకో ఏడాదున్న మనిషి, కిందికి తీసుకుపోయి తన చేతక్ స్కూటర్ పైపు పీకి టీ గ్లాసులో పెట్రోలు పట్టి ఇచ్చారు. హెడ్ అందులో ముంచి, వరండాలో ఫ్యాన్ కింద అరగంట ఆరబెట్టి, బిగించి, టెస్ట్ ప్రింట్ కొట్టాను. ఎనిమిదులు ఎనిమిదులుగా వచ్చాయి. గదంతా పెట్రోలు వాసన. మేనేజర్ గారు ఒక్క మాట కూడా అనకుండా తన ముందున్న ఇడ్లీ పొట్లం నా వైపు తోశారు.

తెల్లవారుజామున ఆ క్లర్కు గారితో కూర్చున్నాను. కంప్యూటర్లు రాకముందు ఈ వడ్డీ లెక్కలన్నీ లెడ్జర్లో చేత్తో వేసేవాళ్లమని, రూపాయి తేడా వస్తే రెండు రాత్రులు వెతికేవాళ్లమని, తనతో పనిచేసిన వాళ్లలో సగం మంది రెండేళ్ల కిందటి వీఆర్ఎస్‌లో, అంటే స్వచ్ఛంద పదవీ విరమణలో, డబ్బు తీసుకుని ఇంటికి పోయారని చెప్పారు. మధ్యలో నన్ను "ఖాతా ఉందా బాబూ" అని అడిగారు. ఉందన్నాను. "జీతం పదో తారీఖు లోపు వేసుకో. పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో అన్నిటికంటే తక్కువ ఎంత ఉందో దాని మీదే వడ్డీ. పదకొండున వేసినా ఆ నెలకి దండగే" అన్నారు. ఆ మార్చి నుంచే సేవింగ్స్ వడ్డీ నాలుగు నుంచి మూడున్నర శాతానికి తగ్గిందని కూడా బాధపడ్డారు. నా జీతం 18న వస్తుందని ఆయనకి చెప్పాలనిపించలేదు. రోజువారీ నిల్వ మీద వడ్డీ లెక్క వేయడం 2010 ఏప్రిల్ నుంచి గానీ మొదలవలేదు, అప్పటికి నేను ఎక్కడో ఉన్నాను. కానీ ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే.

జూన్‌లో నన్ను మాదాపూర్‌లో ఓ ఆఫీసుకి రెసిడెంట్ ఇంజనీర్‌గా వేశారు. ఫీల్డ్ వాళ్లందరి కల అది. ఎండలో తిరగక్కర్లేదు, ఏసీలో కూర్చుని అక్కడి 200 కంప్యూటర్లు చూసుకోవాలి. సైబర్ టవర్స్‌ని 1998 నవంబరులో వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు నేను ఇంటర్లో ఉన్నాను, పేపర్లో వచ్చిన ఆ గుండ్రటి బిల్డింగ్ ఫొటో కత్తిరించి నోటు పుస్తకం అట్ట లోపల అంటించుకున్నాను. ఇప్పుడు 10హెచ్ బస్సులో రోజూ దాని ముందు నుంచే పోతున్నాను. నాన్నకి ఉత్తరంలో ఇదంతా కాస్త పెంచే రాశాను.

కానీ లోపలికి పోవాలంటే గేటు దగ్గర విజిటర్ రిజిస్టర్లో రాయాలి. పేరు, ఎక్కడి నుంచి, ఎవర్ని కలవాలి, ఏ పని మీద, లోపలికి టైము, బయటికి టైము. రోజూ. మొదట్లో సెక్యూరిటీ అతను నిలబడి చూసేవాడు, తర్వాత తర్వాత పుస్తకం నా వైపు తిప్పేసి తన పని తను చూసుకునేవాడు. "ఎవర్ని కలవాలి" గడిలో మొదట అక్కడి ఐటీ మేనేజర్ పేరు రాసేవాణ్ని, ఓ నెల తర్వాత "సిస్టమ్స్" అని రాసేవాణ్ని, ఆ తర్వాత పైన రాసినవాడిది చూసి డిట్టో గుర్తు పెట్టేవాణ్ని, ఎవరో కొరియర్ వాడో వాటర్ క్యాన్ల వాడో అయ్యుంటాడు. ఇరవై రెండు నెలలు విజిటర్నే. అక్కడ ఎంప్లాయీలకి నీలం తాడు, మాకు ఎర్ర తాడు. క్యాంటీన్‌లో వాళ్లకి కూపన్, మాకు డబ్బులు. దీపావళికి స్వీట్ బాక్సులు సీటు సీటుకీ పంచుకుంటూ వచ్చి నా సీటు దాటి ఎదురు సీటులో పెట్టిపోయారు, పంచుతున్న అబ్బాయి తప్పేం లేదు, వాడి లిస్టులో నేను లేను. ఎదురు సీటు అమ్మాయి తన బాక్సు విప్పి నా ముందు పెట్టింది. నేను తీసుకోలేదు. ఆకలి లేదన్నాను. ఆ రోజు నేను చేసింది తప్పే, పాపం ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది.

అక్కడ అందరూ నన్ను "సిస్టమ్ అబ్బాయి" అనేవాళ్లు. ఫోన్ చేసి "సిస్టమ్ అబ్బాయిని పంపండి" అని నాతోనే చెప్పేవాళ్లు, నేను సరేనని ఫోన్ పెట్టేసి నేనే వెళ్లేవాణ్ని.

ఆగస్టు 12, మంగళవారం. పొద్దున తొమ్మిదిన్నరకి మొదటి ఫోన్. తెర మీద ఓ డబ్బా వచ్చి సిస్టమ్ 60 సెకన్లలో షట్‌డౌన్ అవుతుందని అంకెలు తగ్గుతున్నాయట. నేను వెళ్లేసరికి ఆగిపోయి మళ్లీ లేస్తోంది. లేచి రెండు నిమిషాలకి మళ్లీ అదే డబ్బా. పక్క సీటు, దాని పక్క సీటు. పదిన్నరకల్లా ఫ్లోర్ మొత్తం అరవై అంకె నుంచి వెనక్కి లెక్కపెడుతోంది. వైరస్ అని తెలుస్తోంది గానీ యాంటీవైరస్ ఏమీ అనట్లేదు. ఎవరూ ఏ మెయిలూ తెరవలేదు, ఏ ఫ్లాపీ పెట్టలేదు. అదే విచిత్రం, ఆ వైరస్ పేరు బ్లాస్టర్, దానికి మనం ఏమీ నొక్కక్కర్లేదు. విండోస్ 2000, ఎక్స్‌పీల్లో ఉన్న ఓ రంధ్రం గుండా నెట్‌వర్క్ తీగ మీదుగా తనంతట తనే దూరేది. ఆ రంధ్రం మూసే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ జులై 16నే ఇచ్చింది. మేం వేయలేదు. ఎవరు వేయాలన్నది కాంట్రాక్టులో లేదు, హార్డ్‌వేర్ ఏఎంసీ మాది, సాఫ్ట్‌వేర్ ఎవరిదో ఎవరూ రాసుకోలేదు.

మధ్యాహ్నానికి దారి దొరికింది. ముందు ల్యాన్ కేబుల్ పీకేయాలి. ఎక్స్‌పీ అయితే రన్‌లోకి పోయి షట్‌డౌన్ స్పేస్ హైఫన్ ఏ కొడితే లెక్క ఆగుతుంది, అరవై సెకన్లలోపే కొట్టాలి. తర్వాత ఎంఎస్‌బ్లాస్ట్ అనే ఫైల్ చంపి, రిజిస్ట్రీలో దాని వేరు పీకి, ప్యాచ్ వేసి, అప్పుడు కేబుల్ పెట్టాలి. ముందే కేబుల్ పెడితే ప్యాచ్ వేసేలోపే మళ్లీ దూరుతుంది, అలా ఓ ఇరవై మెషీన్లు రెండేసిసార్లు చేశాను. సీడీలు రాసుకుని సీటు సీటుకీ తిరిగాను. మా ఓనరుకి ఫోన్ చేస్తే ఇంకో ఇద్దర్ని పంపాడు, వాళ్లలో అన్న ఒకడు. సాఫ్ట్‌వేర్ అంటే ఆయనకి పడదు, అయినా ఓ కాగితం మీద ఏడు మెట్లు తెలుగులో రాసుకుని, ఒక్కో మెషీన్ దగ్గర ఒక్కో మెట్టు మీద వేలు పెట్టి చేసుకుంటూ పోయాడు, మా ముగ్గురిలో ఒక్క మెషీన్ కూడా రెండోసారి చేయాల్సిన పని పడనిది ఆయనకొక్కడికే. రెండు రాత్రులు అక్కడే. ఆ వైరస్ లోపల బిల్ గేట్స్‌ని డబ్బు సంపాదించడం ఆపి నీ సాఫ్ట్‌వేర్ బాగుచేసుకో అని తిట్టిన మాటలు రాసి ఉన్నాయని తర్వాత చదివాం. అన్నకి తెలుగులో చెప్తే, "మరి మన ఓనర్కు కూడా ఒకటి రాయాల్సింది" అన్నాడు.

గురువారం సాయంత్రం ఆ ఆఫీసు ఐటీ మేనేజర్ థాంక్స్ చెబుతూ పెద్ద కంపెనీకి మెయిల్ పెట్టారు, వెండర్ టీమ్ బాగా చేసిందని. పెద్ద కంపెనీ దాన్ని మా ఓనరుకి పంపింది. ఓనరు ప్రింట్ తీసి ఆఫీసు గోడకి అంటించాడు. దానిలో మా ముగ్గురి పేర్లు ఎక్కడా లేవు. అన్న దాన్ని శ్రద్ధగా చదివి "వెండర్ అంటే ఏంది తమ్మీ" అని అడిగాడు. అమ్మేవాడు అన్నాను. "మనం ఏం అమ్మినం?" అన్నాడు. వేళాకోళమో నిజంగానే అడిగాడో ఆయన మొహం చూసి చెప్పలేం, ఎప్పుడూ అంతే.

ఇది చదివి నేనేదో కష్టాలు ఏకరువు పెడుతున్నానని అనుకోవద్దు, ఆ రోజుల్లో మేం నవ్వినంతగా ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ నవ్వలేదు. జీతం వచ్చిన రోజు ప్యారడైజ్ పక్క సందులో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు, ఒకడి కాల్ స్లిప్పులో ఇంకొకడు రాసిన సాకులు చదువుకుని పడీ పడీ నవ్వడం. సీడీ డ్రైవ్ ట్రేని కాఫీ కప్పు పెట్టుకునేదనుకున్నారనే జోకు అందరూ చెప్తారు, మాకైతే ఓ మేనేజర్ గారు ఫ్లాపీ డ్రైవ్‌లో రెండు ఫ్లాపీలు ఒకదాని మీద ఒకటి దోపి, రెండూ ఒకేసారి కాపీ అవుతాయేమోనని చూశామన్నారు. అన్న వాటిని స్కేలుతో బయటికి లాగుతూ, నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

2005 ఏప్రిల్లో ఇంకో చోట ఉద్యోగం వచ్చింది. ఈసారి జీతమిచ్చేదీ, ఐడీ కార్డూ, కూర్చునేదీ అన్నీ ఒకే పేరు. రాజీనామా ఇస్తే సర్టిఫికెట్లకి నెలన్నర తిప్పారు. బాండ్ ఎప్పుడో అయిపోయినా సరే, ఓనరు ఊళ్లో లేడు, తాళం ఆయన దగ్గరుంది, ఇలా. చివరికి కోఆర్డినేటర్ మేడమే ఓ మధ్యాహ్నం బీరువా తెరిచి ఇచ్చేసింది, మళ్లీ ఆయన వచ్చే లోపు వెళ్లిపో అంది. రెండేళ్లలో ఆమె నాతో క్లోజా పెండింగా కాకుండా మాట్లాడిన మొదటి మాట అది. ఆఖరి జీతంలో క్రింపింగ్ టూలు పోయిందని 400 కోశారు. పోలేదు, బ్యాగులోనే ఉంది. డబ్బు కోశారు కాబట్టి ఇక నాదే కదా అని తెచ్చేసుకున్నాను. ఆ సాయంత్రం అన్న అడిగితే నాలుగు రోజులకని ఇచ్చాను.

నాలుగు రోజులు ఇంకా కాలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "అచ్చి తీస్కపో తమ్మీ" అంటాడు. మధ్యలో నేను బెంగళూరు పోయాను, తిరిగి వచ్చాను, ఉద్యోగాలు మారాను, పెళ్లయింది, జుట్టు పలచబడింది. అన్న ఎల్బీ నగర్‌లో సీసీ కెమెరాల షాపు పెట్టుకున్నాడు. కెమెరాలన్నీ ఇప్పుడు నెట్‌వర్క్ కేబుల్ మీదే కదా, అపార్ట్‌మెంట్ల వాళ్లతో ఆయనే ఏఎంసీలు రాసుకుంటాడు, జీతాలు మాత్రం ఐదో తారీఖు దాటనివ్వడు, అది ఆయన చెప్పింది కాదు, షాపులో కుర్రాడు చెప్పాడు.

మొన్న దసరాకి ఊరెళ్తూ ఆ దారిలోనే కదా అని షాపు దగ్గర ఆగాను. గోడకి మేకు మీద నా టూలు వేలాడుతోంది. పిడి మీద గీసిన పేరు చేతుల రాపిడికి సగం అరిగిపోయింది, మొదటి రెండక్షరాలే కనిపిస్తున్నాయి. అన్న కౌంటర్ వెనక కూర్చుని, అలవాటుగా, రోడ్డుకి వీపు పెట్టి ఏదో బోర్డు గెలుకుతున్నాడు. టీ తెప్పించాడు. టూలు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొత్తగా చేరిన కుర్రాడు, పద్దెనిమిదేళ్లుంటాయి, మేకు మీది టూలు తీసి, కేబుల్ తొక్క ఒలిచి, తీగలు వేళ్ల మధ్య సాఫు చేసుకుంటూ నోట్లో గొణుక్కుంటున్నాడు. ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, గ్రీన్...

ఇద్దరం టీ గ్లాసులు పట్టుకుని ఒక్కసారే అన్నాం. "బ్లూ రా, బ్లూ."